పొత్తిళ్ళు ఎన్నాళ్ళు? సంచీ ఎప్పుడు?

ఈ వారం పోపుడబ్బా మూత పెట్టేసి, కాసేపు ఉయ్యాల పక్కన కూర్చుందామా? ఎందుకంటే నాలుగు రోజులుగా ఒక ఉత్తరం నా బల్లమీద నుంచి కదలడం లేదు. కృష్ణా తీరాన ఒక ఊరి నుంచి ఒక అమ్మమ్మగారు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యను.

ఆవిడ కూతురు తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. మొదటి నుంచీ అమ్మమ్మగారే నీళ్ళు పోసి, మెత్తటి పాత చీర గుడ్డలో చుట్టి పడుకోబెట్టేవారు. పిల్లాడు హాయిగా నిద్రపోయేవాడు. ఈలోగా అల్లుడిగారి అక్కయ్య అమెరికా నుంచి ఒక స్లీప్ శాక్ పంపింది. చేతుల్లేని గౌనులా ఉండి, కాళ్ళ దగ్గర మూసేసి ఉండే సంచీ అన్నమాట. "ఇంక గుడ్డలు చుట్టొద్దమ్మా, ఇదే వేద్దాం" అంది కూతురు. "ముగ్గుర్ని పొత్తిళ్ళల్లో పెంచినదాన్ని, నాకు నువ్వు చెప్పేదేమిటే? పసివాణ్ణి సంచీలో వెయ్యడానికి వాడేమన్నా బియ్యమా, బెల్లమా?" అన్నారు ఈవిడ. ఈవిడ మాటే నెగ్గింది.

పిల్లాడికి మూడు నెలలు నిండాయి. ఒక మధ్యాహ్నం కూతురు స్నానానికి వెళ్ళింది. ఈవిడ పొయ్యి మీద పాలు దించి గదిలోకి వచ్చి చూస్తే, వెల్లకిలా పడుకోబెట్టిన పిల్లాడు బోర్లా పడి ఉన్నాడు. చేతులు రెండూ గుడ్డలోపలే. ముఖం పరుపులోకి. ఏడుపు లేదు. గబుక్కున ఎత్తుకుంటే ముఖమంతా కందిపోయి ఉంది. క్షణం ఆగి గట్టిగా ఏడ్చాడు. అదృష్టం, పిల్లాడికి ఏమీ కాలేదు.

"ఆ సంగతి ఇంట్లో ఎవ్వరికీ చెప్పలేదమ్మా. ఆ రాత్రి నుంచీ నాకు నిద్ర లేదు. పొత్తిళ్ళు తప్పా? సంచీ ఒప్పా? నా చేతుల్తో నేనే..." అని ఉత్తరం అక్కడే ఆపేశారు.

అక్కయ్యగారూ, ముందు ఆ కన్నీళ్ళు తుడుచుకోండి. పొత్తిళ్ళు తప్పు కాదు. సంచీ కూడా తప్పు కాదు. ఏది మంచిది అని కాదు, ఏది ఎప్పటిదాకా అని అడగాలి. అసలు కీలకం అంతా అక్కడే ఉంది. ఈ మాట మీకే కాదు, ఇంట్లో పసిపిల్లలున్న ప్రతి అమ్మకీ, అమ్మమ్మకీ, నాయనమ్మకీ పనికొస్తుంది.

పొత్తిళ్ళు ఎందుకు పనిచేస్తాయి?

పుట్టిన పిల్లలు నిద్రలో ఉన్నట్టుండి రెండు చేతులూ బార్లా చాపి ఉలిక్కిపడటం మీరందరూ చూసే ఉంటారు. "దిష్టి తగిలింది", "పీడకల వచ్చింది" అంటాం. అది దిష్టీ కాదు, జబ్బూ కాదు. ప్రతి ఆరోగ్యమైన శిశువుకీ పుట్టుకతోనే ఉండే ఉలికిపాటు. నాలుగు నుంచి ఆరు నెలల లోపల దానంతట అదే పోతుంది. ఆ చేతుల విసురుకి పిల్లలు తమంతట తామే లేచి ఏడుస్తారు. గుడ్డతో చుడితే ఆ విసురు ఆగుతుంది, నిద్ర సాగుతుంది. తొమ్మిది నెలలు ఇరుకింట్లో ముడుచుకుని ఉన్నవాళ్ళకి ఒంటిచుట్టూ గుడ్డ ఉంటే ధీమాగా కూడా ఉంటుంది. మన పెద్దవాళ్ళు ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదవలేదు. చూసి నేర్చుకున్నారు, సరిగ్గానే నేర్చుకున్నారు.

ఇది మన ఒక్కళ్ళ ఆచారమే కాదు సుమా! బైబిల్లో ఏసు పుట్టిన ఘట్టంలోనూ పొత్తిగుడ్డల మాట ఉంది. చుట్టాలా వద్దా అనే తగువు కూడా పాతదే. ఫ్రాన్సులో రూసో 1762లో వచ్చిన తన 'ఎమిల్' పుస్తకంలో పిల్లల్ని బిగించి కట్టెయ్యడాన్ని గట్టిగా ఖండించాడు. కాబట్టి మీ తల్లీకూతుళ్ళ వాదన కొత్తదేమీ కాదు, దిగులు పడకండి!

చుట్టడంలో నాలుగు జాగ్రత్తలు

మొదటి రెండు నెలలూ చుట్టదలుచుకుంటే నిక్షేపంగా చుట్టండి. కానీ ఈ నాలుగూ మాత్రం మరిచిపోకండి.

ఒకటి: ఎప్పుడూ వెల్లకిలానే. చుట్టిన పిల్లని బోర్లా గానీ, పక్కకి గానీ పడుకోబెట్టకూడదు. "పాలు కక్కితే గొంతుకి అడ్డం పడతాయి, పక్కకి తిప్పి పడుకోబెట్టు" అంటారు పెద్దలు. నిజానికి వెల్లకిలా పడుకున్నప్పుడు గాలి వెళ్ళే గొట్టం పైన, పాలు వెళ్ళే గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు కిందికే జారతాయి గానీ పైకెక్కి ఊపిరిగొట్టంలో పడవు. బోర్లా పడుకున్నప్పుడే అది తారుమారవుతుంది. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా ఓపిగ్గా ఉంటే చాలు.

రెండు: పైన బిగువు, కింద వదులు. భుజాల దగ్గర జారిపోకుండా ఉండాలి గానీ ఛాతీ దగ్గర మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. నడుము కిందికి మాత్రం గుడ్డ వదులుగా, గోనెసంచిలా ఉండాలి. లోపల పిల్ల మోకాళ్ళు వంచి, కప్పకాళ్ళలా పక్కలకి వాల్చుకోగలగాలి. "కాళ్ళు దొడ్డిగా ఉన్నాయి, తిన్నగా లాగి కట్టు" అంటారు కొందరు. దయచేసి ఆ పని చెయ్యకండి! పసివాళ్ళ కాళ్ళు వంకరగా ఉండటం సహజం. లాగి కడితే తుంటి కీలు తన గిన్నెలో సరిగా కుదురుకోదు. జపాన్‌లో 1975లో "పిల్లల కాళ్ళు చాపి కట్టొద్దు" అని దేశమంతా ప్రచారం చేశారు. అంతకుముందు నూటికి ఒకరి నుంచి మూడున్నర మంది దాకా తుంటి తప్పిన పిల్లలుండగా, ఆ తర్వాత అది నూటికి 0.2 కన్నా తక్కువకి దిగిపోయింది. మందు లేదు, ఆపరేషన్ లేదు. గుడ్డ వదులు చేశారు, అంతే! మన ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుంటే వాళ్ళ కాళ్ళు ఎలా విడిగా ఉంటాయో చూడండి, తుంటికి అలా ఉంటేనే మంచిది. ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లలుంటే, అందులోనూ ఆడపిల్లలైతే, తుంటిని డాక్టరుకి ఒకసారి చూపించండి.

మూడు: ఉడుకు పెట్టకండి. బెజవాడ ఎండల్లో, రామగుండం ఎండల్లో మనకే ఒంటిమీద గుడ్డ నిలవదు. పసివాళ్ళకి మనలా చెమట పట్టించుకుని ఒళ్ళు చల్లార్చుకునే శక్తి తక్కువ. మందపాటి టర్కీ తువ్వాలు, ఉన్ని శాలువా, ఒకదాని మీద ఒకటి మూడు గుడ్డలు... ఇవన్నీ వద్దు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేతచీర గానీ, పంచె గానీ, మల్లు గుడ్డ గానీ ఒక్క పొర. వేడి చూడాలంటే చేతులూ కాళ్ళూ పట్టుకోకండి, అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టండి. అక్కడ తడిగా, వేడిగా ఉంటే గుడ్డ తీసెయ్యండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే చుట్టనే అక్కర్లేదు. ఒంటిమీద పల్చటి జుబ్బా, గోచీ చాలు. ఎండ కదా అని ఆరు నెలల్లోపు పిల్లలకి నీళ్ళు పట్టకండి. తల్లిపాలే ఇంకో రెండుసార్లు ఎక్కువ ఇవ్వండి.

నాలుగు: తలమీద, ముఖం దగ్గర ఏమీ ఉండకూడదు. బారసాలకి వెళితే అందరూ పట్టుకొచ్చే కానుక ఒకటుంది. టోపీ కుట్టిన వెల్వెట్ ర్యాపరు. చూడటానికి బొమ్మలా ముద్దుగా ఉంటుంది, ఫొటోకి బావుంటుంది. పడుకోబెట్టడానికి మాత్రం కాదు. మన వాతావరణానికి అది మహా వేడి, ఆ టోపీ ముఖం మీదికి జారుతుంది. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, పడిపోకుండా అటూ ఇటూ పెట్టే బొంతలు, మెత్తటి బొమ్మలు... నిద్రపోయే చోట వీటికీ పని లేదు. గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి, పైన దోమతెర. అంతే.

చీర ఉయ్యాల గురించి కూడా ఒక మాట. చుట్టిన పిల్లని చీర ఉయ్యాలలో వేస్తే ఒళ్ళు వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. పసివాళ్ళ మెడకి బలం ఉండదు, ఊపిరి దారి ఇరుకవుతుంది. మీరు పక్కనే కూర్చుని ఊపుతూ, కళ్ళారా చూస్తున్నంతసేపే ఉయ్యాల. నిద్ర పట్టాక తీసి చదునైన పక్క మీద వెల్లకిలా వెయ్యండి.

ఇంకో సంగతి. రోజంతా చుట్టి ఉంచకండి. ఆకలేసిన పిల్ల ఏడవకముందే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. చేతులు గుడ్డలో ఉంటే ఆ కబురు మీకు అందదు. పాలిచ్చేటప్పుడు విప్పెయ్యండి. బరువు తక్కువగానో, నెలలు నిండకుండానో పుట్టిన పిల్లలకైతే ఏ గుడ్డకన్నా తల్లి ఒడే మేలు. కొలంబియా దేశంలో బొగోటా నగరపు డాక్టర్లు 1978లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. బిడ్డని తల్లి గుండెకి హత్తి, ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టుకోవడం. కంగారూ పద్ధతి అని మన ఆస్పత్రుల్లోనూ నేర్పిస్తారు. అడిగి తెలుసుకోండి.

గండం ఎప్పుడు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇదే గుడ్డ, ఇదే పిల్లాడు, ఇదే అమ్మమ్మ. రెండో నెలలో రక్షగా ఉన్నది మూడో నెలలో గండం ఎందుకైంది?

పిల్లాడు మారాడు కాబట్టి. వాడికి ఒత్తిగిల్లడం వచ్చింది. గుడ్డలేని పిల్లాడు బోర్లా పడితే మోచేతులు ఆనించి తల ఎత్తుతాడు, ముఖం పక్కకి తిప్పుకుంటాడు. చుట్టిన పిల్లాడు బోర్లా పడగలడు గానీ మళ్ళీ తిరగలేడు. చేతులు కట్టేసి ఉంటే తల ఎత్తడానికి ఆసరా ఏదీ? ముఖం పరుపులో కూరుకుపోయి, వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తూ ఉంటాడు. ఏడ్చే సందు కూడా ఉండదు. పైగా చుట్టిన పిల్లలు గాఢంగా నిద్రపోతారు, తొందరగా మేలుకోరు. గాఢనిద్ర మంచిదే కదా అనుకుంటాం. కానీ ఊపిరికి ఇబ్బంది వచ్చినప్పుడు ఉలిక్కిపడి లేవడం కూడా దేవుడు పిల్లలకిచ్చిన ఒక కాపలా.

చెప్పడానికి నోరు రాదు గానీ, నిద్రలోనే పసివాళ్ళు పోవడం అనేది లోకంలో ఉంది. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో "పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండి" అని పెద్ద ఎత్తున ప్రచారం చేశాక అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. 2016లో 'పీడియాట్రిక్స్' అనే వైద్యపత్రికలో, అంతకుముందు జరిగిన నాలుగు పరిశోధనల్ని కలిపి చూసిన వ్యాసం ఒకటి వచ్చింది. గుడ్డ చుట్టిన పిల్లలు బోర్లా ఉన్నప్పుడు అన్నిటికన్నా ఎక్కువ ముప్పు, పక్కకి పడుకోబెట్టినప్పుడు ఆ తర్వాతి ముప్పు, వయసు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది అని తేల్చారు. 2022లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఇదే చెప్పింది. పిల్ల తిరగడానికి ప్రయత్నిస్తున్నట్టు కనిపించగానే చుట్టడం మానెయ్యాలి. మామూలుగా అది మూడు నాలుగు నెలల మధ్య, కొందరిలో ఇంకా ముందే.

గమనించారా? "తిరగడం వచ్చాక" అనలేదు. "ప్రయత్నిస్తున్నప్పుడు" అన్నారు. ఎందుకంటే మొదటిసారి ఎప్పుడు తిరుగుతారో పిల్లలు ముందుగా కబురు పెట్టరు కదా! మన అక్కయ్యగారింట్లో జరిగింది సరిగ్గా అదే.

మరి ఎలా పోల్చుకోవడం? పడుకోబెట్టినప్పుడు తల ఒక దిక్కున ఉంటే, లేచేసరికి ఇంకో దిక్కున ఉందా? కాళ్ళు రెండూ పైకెత్తి ధబ్బున ఒక పక్కకి వాలుస్తున్నారా? నడుం విల్లులా వంచి ఒకవైపు తలతిప్పి చూస్తున్నారా? చుట్టిన గుడ్డలోంచి చేతులు లాగేసుకుంటున్నారా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సరే, పొత్తిళ్ళ పని అయిపోయింది. ఇవేమీ కనిపించకపోయినా మూడో నెల దాటించకండి.

ఎలా మానిపించాలి?

"మానేస్తే నిద్రపోడేమో" అని భయపడతారు. నిజమే, నాలుగైదు రాత్రులు కాస్త సతాయిస్తారు. అందుకే రెండో నెల నిండగానే మొదలుపెట్టండి. మొదటి మూడు రాత్రులు ఒక చెయ్యి బయటికి వదిలి చుట్టండి. తర్వాత మూడు రాత్రులు రెండు చేతులూ బయటికి వదిలి, ఛాతీ నుంచి కిందికి మాత్రం చుట్టండి. ఆ తర్వాత గుడ్డే లేదు. ఉలిక్కిపడి లేస్తే ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కాసేపు జోకొట్టండి. నెమ్మదిగా అలవాటవుతుంది.

కానీ తిరగడం ఇప్పటికే మొదలైపోయిందా? అప్పుడు ఈ విడతలేమీ లేవు. ఆ రాత్రే గుడ్డ తీసెయ్యాలి. వారం రోజులు నిద్ర చెడితే చెడనివ్వండి.

పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజుకి రెండు మూడుసార్లు చాపమీద కాసేపు బోర్లా వేసి ఆడించండి. మెడకీ భుజాలకీ బలం వస్తుంది. రెండువైపులా తమంతట తాము తిరగడం వచ్చాక, మీరు మాత్రం ఎప్పటిలా వెల్లకిలానే పడుకోబెట్టండి. వాళ్ళే తిరిగి పడుకుంటే రాత్రంతా కాపలా కూర్చుని తిప్పక్కర్లేదు.

మరి సంచీ సంగతి?

స్లీప్ శాక్ అనేది పొత్తిళ్ళకి పోటీ కాదు. అది దుప్పటికి బదులు. ఈ ఒక్క మాట తెలిస్తే సగం తగువులు తీరిపోతాయి! చలి దేశాల్లో గదులు చల్లగా ఉంటాయి. పిల్లకి ఏదో ఒకటి కప్పాలి. కప్పిన దుప్పటి కాళ్ళతో తన్నితే ముఖం మీదికి వస్తుంది. అందుకని ముఖం మీదికి రాని దుప్పటి ఒకటి కనిపెట్టారు. చేతులు బయట, ఒళ్ళు లోపల. బోర్లా పడ్డా చేతులు ఖాళీగానే ఉంటాయి కాబట్టి తల ఎత్తుకోగలరు. కింద వెడల్పు కాబట్టి తుంటికి ఇబ్బంది లేదు. పొత్తిళ్ళు మానేశాక వెయ్యడానికి ఇది చక్కటి బట్ట.

అయితే మనకి అవసరమా? ఫ్యాను కింద పడుకునే ఇంట్లో, వేసవిలో, అస్సలు అక్కర్లేదు. ఏసీ గదిలో పడుకోబెడితే, ఆదిలాబాదులోనో లంబసింగిలోనో డిసెంబరు చలిలో ఉంటే, అమెరికాలోనో లండన్‌లోనో ఉంటే, అప్పుడు పనికొస్తుంది.

ఈ సంచీల మీద 'టాగ్' అని ఒక అంకె వేసి ఉంటుంది. వెచ్చదనానికి కొలత అది. అంకె పెరిగేకొద్దీ వెచ్చదనం ఎక్కువ. మామూలుగా గది 24 నుంచి 27 డిగ్రీలుంటే 0.5 టాగ్, 20 నుంచి 24 ఉంటే 1.0, 16 నుంచి 20 ఉంటే 2.5 అని తయారుచేసేవాళ్ళు చెబుతారు. అమెరికా నుంచి వచ్చిన మన అక్కయ్యగారి సంచీ 2.5 టాగ్‌ది అయితే, మన ఊళ్ళో దాన్ని బీరువాలో పెట్టుకోవడమే మేలు! మన ఏసీ గదులకి 0.5 చాలు. సంచీ వేశాక పైన మళ్ళీ దుప్పటి కప్పకూడదు.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది మెడ. పెద్దయ్యాక కూడా సరిపోతుందని మనం పిల్లలకి ఒక సైజు పెద్దది కొంటాం కదా, ఇక్కడ మాత్రం ఆ పొదుపు వద్దు. మెడ వదులైతే పిల్ల లోపలికి జారి తల సంచీలోకి పోతుంది. పిల్ల బరువుకి తగిన సైజే కొనండి. టోపీ ఉన్నది వద్దు. గుండెమీద బరువుగా ఉండేలా గింజలు నింపి కుట్టిన సంచీలూ వస్తున్నాయి. "అమ్మ చెయ్యి వేసినట్టుంటుంది" అని అమ్ముతారు. వాటిని వాడొద్దని పిల్లల వైద్యులు గట్టిగా చెబుతున్నారు. చేతులు లోపలే బంధించే సంచీ అయితే అది పొత్తిళ్ళ కిందే లెక్క. తిరగడం మొదలయ్యాక అదీ పనికిరాదు.

ఇంట్లోనే కుట్టుకోండి

కుట్టుమిషను ఉన్నవాళ్ళు కొనడం ఎందుకు? ఒక పాత పంచె చాలు. పిల్లకి ఇప్పుడు సరిగ్గా సరిపోతున్న జుబ్బా ఒకటి కింద పరవండి. మెడ, చంకలు అచ్చం దాని కొలతకే గీయండి, వదులు చెయ్యకండి. చేతులు పెట్టకండి. చంక కింద నుంచి గౌనులా వెడల్పు చేసుకుంటూ వెళ్ళి, ఛాతీ దగ్గర ఉన్న వెడల్పుకి ఒకటిన్నర రెట్లు ఉండేట్టు కింద తేల్చండి. పొడవు భుజం నుంచి మడమ దాకా కొలిచి, నాలుగంగుళాలు కలపండి. కింద మూసి కుట్టెయ్యండి. ముందువైపు నిలువుగా జిప్పు వెయ్యండి, మూసినప్పుడు దాని రన్నరు గడ్డం కింద కాకుండా పాదాల దగ్గర ఆగాలి. జిప్పు ఒంటికి తగలకుండా లోపల అంగుళం పట్టీ ఒకటి వేస్తే గీసుకోదు. నాడాలు, రిబ్బన్లు, ముత్యాలు, ఊడొచ్చే గుండీలు వద్దే వద్దు. కుట్టాక వేసి చూడండి. గడ్డానికీ గుడ్డకీ మధ్య ఒక వేలు పట్టాలి, తల మాత్రం లోపలికి దూరకూడదు. రెండు కుట్టుకుంటే ఒకటి ఉతికి ఆరేసినప్పుడు ఇంకోటి ఉంటుంది. పిల్ల పెరగ్గానే కొత్తది కుట్టాలి, మెడ వదులు కాకుండా.

అక్కయ్యగారూ, మీకో మాట

మీరు ఆ మధ్యాహ్నం సంగతి ఎవరికీ చెప్పలేదన్నారు. ఈ పత్రిక మూసేసి, ఈ రోజే మీ అమ్మాయికి చెప్పండి. తప్పు ఒప్పుకోమని కాదు. పిల్లాడు తిరుగుతున్నాడన్న సంగతి ఆ ఇంట్లో ఇప్పుడు మీ ఒక్కరికే తెలుసు. రేపు మీరు గుడికి వెళ్ళినప్పుడు మీ అమ్మాయో, పనమ్మాయో, చూడవచ్చిన చుట్టాలో పాత అలవాటుగా చుట్టి పడుకోబెడితే? మీ మౌనం వల్ల వచ్చే ప్రమాదం అది. పిల్లాణ్ణి ఒకసారి డాక్టరుకి కూడా చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పండి.

మీ అమ్మాయి కోప్పడుతుందేమో, కోప్పడనివ్వండి. కాసేపు ఏడ్చి, "నువ్వు చూడబట్టి సరిపోయిందమ్మా" అని మీ ఒళ్ళోనే తలపెట్టుకుంటుంది. మీరు ముగ్గుర్ని పొత్తిళ్ళల్లో పెంచిన మాట నిజమే. మీ చేతుల్లో తప్పేమీ లేదు. ఎప్పుడు ఆపాలో అప్పట్లో మనకెవరూ చెప్పలేదు, అంతే.

మనిళ్ళల్లో పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు చేసి పంచిపెడతాం కదా! అందరూ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. బొబ్బట్లకి శనగపప్పు నానబోసే రోజు రాకముందే పొత్తిళ్ళు ఉతికి, ఎండేసి, మడిచి పెట్టెలో పెట్టెయ్యాలి. అక్కయ్యగారూ, మీ మనవడు ఆ పండగ మీకు తెలియకుండానే చేసేసుకున్నాడు. పప్పు నానబొయ్యండి. మొదటి బొబ్బట్టు, నెయ్యి వేసి, మీ అమ్మాయికి మీ చేత్తో పెట్టండి. ఆ మాట అప్పుడే చెప్పండి.

వచ్చేవారం మళ్ళీ వంటింట్లోకే వెళదాం. బాలింతలకి కారప్పొడులు, వాటిలో ఏది ఎందుకు వేస్తారో మాట్లాడుకుందాం. అందాకా పాపాయిలందరూ వెల్లకిలా, హాయిగా నిద్రపోవాలని కోరుకుంటూ, సెలవు.